మందుగుండు గదిలో మోరి

కరకపుట్టు ఊరికి పైన, రైలు కట్టకి అవతల, సొరంగం నోటి దగ్గర ఒక రాతి గది ఉంది. లైను వేసే రోజుల్లో కొండని పేల్చడానికి తెచ్చిన మందుగుండు అందులో దాచేవారట. లైను అయిపోయింది. మందుగుండు అయిపోయింది. తలుపుని ఎవరో ఊడబీకి మేకల దొడ్డికి పెట్టుకున్నారు. గది మాత్రం మిగిలింది. దెయ్యం ఆ తరవాత వచ్చి చేరింది.

అక్కడ ఎవరూ చచ్చిపోలేదు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ మాట ఒప్పుకుంటారు. పేలుడులో పోయినవాళ్ళు లేరు, ఉరేసుకున్నవాళ్ళు లేరు, కనీసం పాము కరిచినవాళ్ళు కూడా లేరు. మనిషే చావకుండా దెయ్యం ఎలా వచ్చిందని పొరుగూరి వాడెవడైనా అడిగితే, కరకపుట్టు వాళ్ళు వాడి వైపు జాలిగా చూస్తారు.

దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు లేరు. అందరూ విన్నవాళ్ళే. చీకటి పడ్డాక అరకు సంత నుంచి అడ్డదారిన వచ్చేవాళ్ళకి... ఆ గదిలోంచి మోరి వినిపించేది.

మోరి అంటే థింసా ఆటకి ఊదే వాద్యం. మూరెడు కర్ర, కింద ఇత్తడి గిన్నె, పైన తాటాకు పీక. సన్నాయికి కొండల్లో పెరిగిన తమ్ముడు అనుకోవచ్చు. గొంతు మాత్రం అన్నకంటే పెద్దది.

భయం మోరిని చూసి కాదు. అది ఆగకపోవడం చూసి.

ఎంత గొప్పగా వాయించేవాడైనా ముక్కుతో గాలి పీలుస్తూ, ఆ కాసేపూ బుగ్గల్లో దాచుకున్న గాలిని పీకలోకి తోస్తాడు. పాట ఆగదు. కానీ తోసే చోట స్వరం పిసరంత వంగుతుంది. కరకపుట్టులో చంటిపిల్లలకి కూడా ఆ వంపు తెలుసు, పొట్టలో ఉన్నప్పటి నుంచీ వింటున్నారు గనక. మందుగుండు గది మోరికి ఆ వంపు లేదు. ఎంతసేపు విన్నా లేదు... అంటే, గాలి అక్కర్లేనిదేదో దాన్ని ఊదుతోంది.

గాలి అక్కర్లేనిది ఏమిటో ఎవరూ ఎవరికీ విప్పి చెప్పాల్సిన పని లేదు.

మైకు సెట్టు లాజరస్ ఒకసారి విన్నాడు. అతను మిషను చర్చి మనిషి, దెయ్యాల్ని నమ్మడు. నమ్మకుండానే సైకిలు అక్కడ పడేసి ఊళ్ళోకి వచ్చాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం సైకిలు తెచ్చుకోవడానికి సగం సంఘాన్ని తోడు తీసుకెళ్ళాడు. వాళ్ళు కూడా నమ్మనివాళ్ళే.

అలాంటి చోటికి బుధు రాత్రిపూట, ఒక్కడే, కావిడి వేసుకుని మరీ ఎందుకు వెళ్ళాడో తెలియాలంటే ముందు అతని ఊపిరి సంగతి తెలియాలి.

ఊరి మోరి బుధు వాళ్ళింటిది. తాత వాయించాడు, తండ్రి వాయించాడు, తండ్రి పోయాక బుధు చేతికి వచ్చింది. అది మగవాళ్ళ చేతుల్లోనే తిరగాలి. ఆడది మోరి ముట్టుకుంటే చోళ్ళు గింజ పట్టవని, కాఫీ పూత రాలిపోతుందని ఆచారం. కాఫీ మొక్కలు ఈ కొండకి మొన్న మొన్ననే వచ్చాయి. అయినా పాత ఆచారంలో కాస్త సర్దుకుని వాటికీ చోటిచ్చారు.

బుధు మంచి వాయిద్యగాడు. ఒక చలికాలం అతనికి జ్వరం తగిలింది, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. లేచాడు గానీ, లేచేటప్పుడు సగం ఊపిరి మంచం మీదే వదిలేశాడు. సరిగ్గా అప్పుడే అతని మేళం కూడా చెదిరిపోయింది. డప్పులూ తుడుములూ వాయించేవాళ్ళు విశాఖపట్నంలో ఒక హోటల్లో చేరారు. అక్కడ అద్దాల హాల్లో, భోజనాలు చేసేవాళ్ళ ముందు, రోజూ సాయంత్రం పండగ చేసేవారు.

బుధు మిగిలాడు — ఒక్కడు, సగం ఊపిరితో.

అతన్ని ఆదుకున్నది ఏసుదానం పాస్టరుగారి చర్చి, అనుకోకుండానే. చర్చికి కొత్తగా ఎకో పెట్టె తెప్పించారు. మైకులో ఒక మాట అంటే ఆ పెట్టె దాన్ని మింగి, మళ్ళీ మళ్ళీ బయటికి వదులుతుంది. లాజరస్ దానికున్న మీటలన్నీ చివరికంటా తిప్పి పెట్టాడు. తొలి ఆదివారం పాస్టరుగారు 'పాపము' అన్నారు. ఆయన క్షమాపణ దాకా వెళ్ళిపోయినా పాపము మాత్రం గోడలకి తగులుతూ వెనకే ఉండిపోయింది. ప్రసంగం మామూలుగానే పొడుగని సంఘ పెద్దలు అప్పటికే గొణుగుతున్నారు. పాస్టరుగారి మనసు నొప్పించకుండా పెట్టెని లాజరస్ ఇంటికి సాగనంపారు.

లాజరస్ ఇంట్లో బుధు దాన్ని చూశాడు. సరదాకి మైకు ముందు మోరి పెట్టి ఊదాడు. ఒక మోరి నాలుగు మోరీలైంది. అతను పీక తీసి, గాలి పీల్చుకున్నాడు... మోరి వినిపిస్తూనే ఉంది.

బుధు చాలాసేపు ఆ పెట్టెని చూస్తూ నిలబడిపోయాడట. పీటల మీద పెళ్ళికూతుర్ని కూడా వాడు అలా చూడలేదని లాజరస్ తరవాత ఊరంతా చెప్పుకొచ్చాడు.

పెట్టెని లాజరస్ దగ్గర అడిగి తెచ్చుకుని, అప్పటి నుంచి బుధు ఒంటి మేళం అయ్యాడు. బ్యాటరీ, పెట్టె, చెట్టుకి కట్టిన గొట్టం మైకు. ముందు తుడుము మీద ఒక దరువు వేసి పెట్టెలోకి వదిలేవాడు. అది తిరుగుతూ ఉండగా మోరి ఎత్తుకునేవాడు. పెట్టె తిరిగిచ్చే ముక్క వచ్చేసరికి దాని పక్కన ఆనించడానికి ఇంకో ముక్క సిద్ధంగా ఉంచుకునేవాడు. కాసేపటి కిందటి బుధుతో ఇప్పటి బుధు జోడీ కట్టి వాయించినట్టుండేది. కళ్ళు మూసుకుని వింటే గుంపు, కళ్ళు తెరిస్తే ఒక్కడు. పాడేరు నుంచి కూడా పెళ్ళిళ్ళకి పిలుపులొచ్చాయి. సెల్ ఫోన్లు ఇంకా కొండెక్కని రోజులు కదా, మనిషినే పంపించి పిలిచేవారు. విన్నవాళ్ళందరూ పెట్టెని మెచ్చుకునేవారు.

ఆ పెట్టె వెనక బుధు ఊపిరి దాక్కుని ఉందని ఇంట్లోవాళ్ళకే తెలుసు. భార్య చిన్నమ్మికి అతను చెప్పాడు. అత్త ఈశ్వరమ్మకి ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరమ్మ బుధు తండ్రికి సొంత అక్క, చిన్నమ్మికి తల్లి. మొగుడు పోయాక కూతురి దగ్గర ఉంటోంది, అంటే పుట్టింటికే తిరిగొచ్చింది. పగలు కాఫీ తోటలో కలుపు తీసి, సాయంత్రం అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగుతుంది — చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పు ఉన్న మనిషి ఎక్కువ మాట్లాడలేదు గనక, ఈశ్వరమ్మ నెమ్మదైన మనిషని ఊళ్ళో పేరు. పెట్టె గురించి కూడా ఆమె ఒకే ఒక్కసారి మాట్లాడింది.

"పెట్టికి ఊపిరి బాగుంది, అల్లుడా."

బుధు పెట్టె మీద గుడ్డ కప్పేశాడు.

ఇక ధనుంజయ్. బుధుకి వరసకి తమ్ముడు. అరకులో టూరిస్టులు దిగే చోట రాత్రిపూట మంట వేస్తే, ఆ మంట పక్కన మోరి వాయిస్తాడు. ఫొటో తీస్తారనిపిస్తే పాట మధ్యలో తలపాగా సర్దుకుంటాడు. అయినా బాగానే వాయిస్తాడు, ఆ మాట కాదనకూడదు. ఊరి మోరి తన ఇంటికి రావాలని అతని కోరిక. ఆ కోరికని తలపాగా కిందేమీ దాచుకోలేదు.

చైత్రంలో వచ్చే ఇటుకల పండగ ఆఖరి రాత్రి ఆడవాళ్ళు ఒకరి నడుము మీద ఒకరు చేతులు వేసుకుని, ఊరి దేవతకి గుర్తుగా పాతిన నిశాని రాయి చుట్టూ థింసా వరస కడతారు. వరస పాములా మెలికలు తిరిగి, రాయిని చుట్టి, బయల్దేరిన చోటికి వచ్చేదాకా మోరి ఆగకూడదు. ఆగితే ఊరికి మంచిది కాదు. ఆపినవాడి ఇంట్లో మోరి ఇంక ఉండదు, ఆ రాత్రే ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది.

ఆ ఏడు పండగ దగ్గర పడ్డాక ధనుంజయ్ దిసారి భీముడి దగ్గరికి వెళ్ళాడు. దిసారి అంటే చుక్కలు చూసి పండగ రోజులు చెప్పేవాడు. దెయ్యం పట్టినవాళ్ళని కూర్చోబెట్టి, అదెవరో అడిగి, పంపించేవాడు కూడా అతనే.

"తాతా, ఊరి మోరి బుధన్నదా, పెట్టిదా?" అని అడిగాడు ధనుంజయ్.

భీముడికి ఇద్దరూ చుట్టాలే. అందుకని చాలాసేపు ఆకాశం చూశాడు. పగలు కావడంతో అక్కడ చుక్కలేమీ లేవు.

"పెట్టి ఉంటే ఉండనీ," అన్నాడు చివరికి. "మోరి ఆగకూడదు. ఆగినాదంటే నీ ఇంటికే."

భీముడు అవతలివాళ్ళ పక్షం చేరాడని రెండిళ్ళవాళ్ళూ అనుకున్నారు. తీర్పు బాగున్నట్టే.

బుధుకి మాత్రం నిద్ర పట్టకుండా పోయింది. పెట్టె ఒక గుక్కని దాచగలదు, రెండో గుక్కని దాచగలదు. కానీ వరస తిరిగినంతసేపూ దాచలేదు. ఎక్కడ పీల్చుకోవాలో, ఎక్కడ పెట్టె మీద వదలాలో ముందుగా సాధన చెయ్యాలి. ఊళ్ళో చేస్తే అరుగుల మీద కూర్చున్న ప్రతివాడూ అతని ఆయాసాన్ని వింటాడు. అడవిలో చేద్దామంటే ఇప్పపూల రోజులు, ఏ చెట్టు కింద చూసినా బుట్టతో ఒక మనిషి. ఎవరూ రాని చోటు చుట్టుపక్కల ఒకటే ఉంది.

బుధుకి దెయ్యమంటే భయమే. ఊరంటే ఇంకా భయం. దెయ్యమైతే విని ఊరుకుంటుంది.

చంద్రుడు లేని రాత్రి చూసుకుని బయల్దేరాడు. కావిడికి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క పెట్టె, దాని మీద చిన్న స్పీకరు. ఆయాసంతో ఆగుతూ, కూర్చుంటూ కట్ట ఎక్కాడు. సొరంగంలోంచి చల్లగా గాలి వస్తోంది. గది గుమ్మం నల్లగా నోరు తెరుచుకుని ఉంది. అతను లోపలికి వెళ్ళలేదు. బయట బండ మీదే సామాను దింపుకుని, గది వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. వీపు పెట్టకూడదని తోచింది. తిరిగి కూర్చున్నాడు. మొహం పెట్టడం ఇంకా బాలేదు.

చివరికి పక్కకి తిరిగి కూర్చుని వైరు తగిలించాడు. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది. ఆ చీకట్లో తోడుగా ఉన్నది ఆ చుక్కంత వెలుగే.

వరస పాట ఎత్తుకున్నాడు. మొదటి మెలిక దగ్గర గాలి పీల్చాడు — పెట్టె ఆ సందుని నింపింది. రెండో మెలిక దగ్గర పెట్టె కంటే ముందే ఊపిరి అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే తెగింది.

మూడోసారి పీక నోట్లోంచి తీసి, మోకాళ్ళ మీద వాలి, రొప్పుతూ కూర్చున్నాడు. పెట్టె అతను ఊదిన ముక్కని తిరిగిస్తోంది... ఒకసారి... ఇంకోసారి, సన్నగా... ఇంకోసారి, ఇంకా సన్నగా...

ఇక ఆగాలి.

ఆగలేదు.

మీట ఎక్కువ తిప్పానేమోనని తగ్గించాడు. మోరి వినిపిస్తూనే ఉంది. పూర్తిగా కిందికి తిప్పాడు. వినిపిస్తూనే ఉంది. బ్యాటరీ వైరు పీకేశాడు. ఎర్ర లైటు ఆరిపోయింది.

మోరి మాత్రం... వరస పాటలో మూడో మెలిక తిరుగుతోంది.

అప్పుడు బుధుకి తట్టింది. అతను ఆ రాత్రి మూడో మెలిక వాయించనే లేదు. పెట్టె వెనకటిది తిరిగిస్తుంది. రాబోయేది ఇవ్వదు.

ఇలాంటప్పుడు మనుషులు చేసే పని ఒకటే. కానీ పరిగెత్తడానికి ఊపిరి కావాలి. బుధు దగ్గర ఉన్నది ఇందాకే అయిపోయింది. అందుకని అతను కదల్లేదు. కరకపుట్టులో ఆ మోరి విని అక్కడే ఉండిపోయిన మొదటి మనిషి బుధు. దాన్ని ఊరు ధైర్యం అంటుంది, అననివ్వండి.

కూర్చుని విన్నాడు. చెవులు, అలవాటు కొద్దీ, వంపు కోసం వెతికాయి. వంపు లేదు. నాలుగో మెలికలో కూడా లేదు. నీళ్ళు పోసినట్టు పోతోంది పాట. వినగా వినగా భయం కొంచెం పక్కకి జరిగింది. దాని చోట్లో అసూయ వచ్చి కూర్చుంది.

"ఎవురది?" అన్నాడు.

మోరి ఆగిపోయింది.

సొరంగం వైపు ఒక రాయి దొర్లింది. తరవాత ఏమీ లేదు... చాలాసేపు ఏమీ లేదు.

బుధు అగ్గిపుల్ల గీసి గుమ్మంలోకి వెళ్ళాడు. గబ్బిలాల రెట్ట. ఎండిన ఆకులు. వెనక గోడకి మనిషి దూరేంత కిటికీ కంత. పుల్ల ఆరిపోయే ముందు కంత అంచు మీద ఏదో కనిపించింది. చీకట్లోనే చెయ్యి చాపి తీసుకున్నాడు.

తాటాకు పీక.

తడిగా ఉంది.

దెయ్యానికి ఉమ్మి ఉండదు. ఈ సంగతి దిసారి ఎప్పుడూ చెప్పలేదు గానీ బుధు తనంతట తనే తేల్చుకున్నాడు. తేల్చుకోగానే దెయ్యం భయం పోయింది, దానికంటే పెద్దది పట్టుకుంది. దెయ్యమైతే పండగకి రాదు. మనిషైతే వస్తాడు. ఊళ్ళో మోరి ఊదే మగవాడు తను కాక ఇంకొకడే ఉన్నాడు. అంటే ధనుంజయ్ ఎవరికీ తెలియకుండా ఇక్కడికొచ్చి సాధన చేస్తున్నాడు. ఇంత బాగా వాయిస్తున్నాడు. వంపు లేకుండా వాయిస్తున్నాడు.

బుధు పీకని ఉన్నచోటే పెట్టి, కావిడి ఎత్తుకుని, నెమ్మదిగా కొండ దిగాడు.

తెల్లారాక చిన్నమ్మికి అంతా చెప్పాడు. పండగలో నలుగురి ముందూ పోగొట్టుకునేకంటే, ఇప్పుడే మోరి తీసుకెళ్ళి ధనుంజయ్ చేతిలో పెట్టేస్తే పరువు దక్కుతుందన్నాడు.

"ఇచ్చీసి ఏటి సేత్తావు?" అంది చిన్నమ్మి, చోడి పిండి కలుపుతూ. "ఆడు ఊదతంటే నువ్వు పక్కన కూకుని పెట్టి మీట తిప్పుతావా? బేగి తాగి తోటకెల్లు. అంబలి సల్లారిపోతంది."

బుధు అంబలి ముట్టలేదు. మోరిని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని గుమ్మం దాటాడు. అరుగు మీద ఈశ్వరమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆమె చుట్ట తీసిందంటే మాట వస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు గనక ఆగాడు.

"ఇయ్యకు, అల్లుడా," అంది. "నీకాడున్న ఊపిరి అయిపోయేదాకా ఊదు. తర్వాత సంగతి తర్వాత."

ఆ ఏడాదిలో ఆమె మాట్లాడిన పెద్ద మాట అదే. మళ్ళీ నిప్పు నోట్లో పెట్టేసుకుంది. బుధు తిరిగి లోపలికొచ్చి అంబలి తాగాడు.

పండగ ఆఖరి రాత్రి వచ్చింది. నిశాని రాయి దగ్గర మంట వేశారు. ఊరంతా వచ్చింది, పైన రెండూళ్ళ వాళ్ళూ వచ్చారు, ఆచారాలతో తమకి సంబంధం లేదంటూ చర్చివాళ్ళు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ధనుంజయ్ కొత్త తలపాగాతో మంట పక్కన నిలబడ్డాడు, మోరి నడుముకి దోపుకుని. అందరికీ కనిపించేలా దోపుకున్నాడు.

ఒక్క చిన్న సంగతి. ఆ పండగకి ముందే శుభ శుక్రవారం వచ్చింది. సిలువ మీది ఏడు మాటల కోసం ఏడుగురు ప్రసంగించారు. వాళ్ళకి కావలసి వచ్చి లాజరస్ బుధు బ్యాటరీని అడిగి పట్టుకెళ్ళాడు. ప్రసంగీకులు ఏడుగురూ అలసిపోకుండా మాట్లాడారు. బ్యాటరీ అలసిపోయింది. దాన్ని తుడిచి, వందనాలు చెప్పి, తిరిగిచ్చేశారు. చార్జింగు సంగతి ఎవరి నోటా రాలేదు.

వరస కదిలింది. చిన్నమ్మి వరస మధ్యలో ఉంది. బుధు తుడుము కొట్టి పెట్టెలోకి వదిలాడు, మోరి ఎత్తుకున్నాడు. ఆ రాత్రి అతను ఎత్తుకున్న తీరు చూసి భీముడు కూడా తల ఊపాడంటారు. మొదటి మెలిక నిండుగా తిరిగింది. గాలి పీల్చిన చోట ఎవరికీ తెలియలేదు. ఆడవాళ్ళ కాలి అందెలు ఒక్కసారిగా నేల తాకుతున్నాయి.

రెండో మెలికలో పెట్టె మీది ఎర్ర లైటు పలచబడింది.

బుధు చూశాడు. లాజరస్ చూశాడు — చూసి వెంటనే తల తిప్పుకుని, ఆ బ్యాటరీతో ఏ సంబంధమూ లేనివాడిలా మంటలో పుల్ల ఎగదోశాడు.

లైటు ఆరిపోయింది. నాలుగు మోరీలు ఒక్కటైపోయాయి.

ఒక్క మోరి, ఒక్క మనిషి, సగం ఊపిరి. ఊరంతా విన్నది. స్వరం వంగింది. ఇంకాస్త వంగింది. వరసలో అడుగులు బరువెక్కాయి. ధనుంజయ్ నడుము నుంచి మోరి తీసి, తడపడానికి పీక నోట్లో పెట్టుకున్నాడు.

బుధు కళ్ళ ముందు నల్ల చుక్కలు లేచాయి. ఉన్నదంతా ఊదాడు. బుగ్గల్లో దాచుకున్నది కూడా ఊదేశాడు. మూడో మెలిక మొదట్లో... అయిపోయింది.

మోరి ఆగలేదు.

ఇళ్ళ వెనక చీకట్లోంచి, అదే స్వరం మీద, వెంట్రుకంత సందు లేకుండా అందుకుంది. వంపు లేదు.

ఆ మోరిని గుర్తుపట్టనివాళ్ళు అక్కడ లేరు. మందుగుండు గదిది. ఇన్నేళ్ళూ కట్ట అవతలే ఉన్నది, ఈ రాత్రి కట్ట దిగి ఊళ్ళోకి వచ్చేసింది.

మగవాళ్ళు ఒక్కొక్కరే మంటకి దగ్గరగా జరిగారు. ఆడవాళ్ళకి జరగడానికి లేదు, వరస తెగకూడదు. "అడుగు తప్పకండి," అని చిన్నమ్మి పళ్ళ బిగువున గుసగుసలాడింది. ఎవరూ తప్పలేదు. కరకపుట్టు ఆడవాళ్ళు అంత బాగా థింసా ఆడటం ఎవరూ ఎన్నడూ చూడలేదు. వెనక్కి చూడటానికి భయపడిన మనిషి ముందుకి ఎంత చక్కగా అడుగు వేస్తుందో ఆ రాత్రి తెలిసింది.

బుధు ధనుంజయ్ వైపు చూశాడు. ధనుంజయ్ నోట్లో పీక ఉంది. దాంట్లోంచి ఏమీ రావడం లేదు.

ధనుంజయ్ కాదు.

మరి... ఆ పీక తడి ఎవరిది?

మోరి దగ్గరికొస్తోంది. రెండిళ్ళ మధ్య సందులోకి వచ్చింది. దొడ్లో మేకలు లేచి నిలబడ్డాయి. ముందు మంట వెలుగులో ఇత్తడి గిన్నె మెరిసింది. తరవాత దాన్ని పట్టుకున్న వేళ్ళు, ముడతలు పడినవి. తరవాత గాజులు. ఆ తరవాత, రెండు బుగ్గలూ గుండ్రంగా ఉబ్బి ఉన్న ఒక మొహం.

ఈశ్వరమ్మ.

చేతిలో బుధు తండ్రి చిన్నప్పుడు నేర్చుకున్న పాత మోరి. అటక మీద చెదలు తినేసి ఉంటుందని బుధు అనుకున్నది. ఆమె ఎవరి మొహమూ చూడకుండా వచ్చి అల్లుడి పక్కన నిలబడి, మూడో మెలిక, నాలుగో మెలిక తిప్పి, రాయిని చుట్టించి, వరసని బయల్దేరిన చోటికి తెచ్చి దింపింది. అప్పుడు ఆపింది.

రొప్పడం లేదు. కొంగుముడిలోంచి చుట్ట తీసి, మంటలో అంటించి, అటుది ఇటు తిప్పి నిప్పు వైపు నోట్లో పెట్టుకుంది. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చింది. బుధు ఆ ముక్కుని చూశాడు, ఆ నోటిని చూశాడు. జీవితమంతా నిప్పుని నాలిక మీద నిలిపి ఊపిరి నడిపిన మనిషికి తాటాకు పీక ఒక లెక్కా.

భీముడికి మాత్రం ఇంకేదో గుర్తొచ్చినట్టుంది. అతనూ ఈశ్వరమ్మా ఒక ఈడువాళ్ళు. బుధు తాత కొడుక్కి మోరి నేర్పే రోజుల్లో, నీళ్ళకుండలో బోలు ఆముదం కాడ పెట్టి బుడగలు ఆగకుండా ఊదమనేవాడు. కుండలో ఎప్పుడూ రెండు కాడలు ఉండేవి. రెండోది అక్కది. ముందు ఆగేది తమ్ముడి బుడగలు. మోరి తమ్ముడికిచ్చారు, అక్కకి పెళ్ళి చేశారు.

ధనుంజయ్ నోట్లోంచి పీక తీశాడు.

"ఆడమనిషి మోరి ఊదినాది," అన్నాడు, గట్టిగానే. "ఇప్పుడు ఆచారం ఏటవుద్ది, తాతా?"

వరస తెగలేదు, అది నిజం. కానీ ఆడదాని నోరు తగిలింది, అదీ నిజం. చోళ్ళ సంగతి, కాఫీ పూత సంగతి అందరి మొహాల్లోనూ కనిపిస్తోంది. మోరి బుధు ఇంట్లోంచి వెళ్ళిపోవడం ఒక్కటే కాదు, ఈశ్వరమ్మని ఊరు ఏం చేస్తుందో కూడా తెలియదు. చిన్నమ్మి వరసలోంచి విడివడి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

భీముడు ఆకాశం చూశాడు. ఈసారి చుక్కలు ఉన్నాయి. చాలాసేపు చూశాడు.

తరవాత ఒక చేట తెమ్మన్నాడు. గుప్పెడు బియ్యం తెమ్మన్నాడు. మంట పక్క నుంచి బూడిద తీసి ఈశ్వరమ్మ నుదుటికి రాసి, ఆమెని నేల మీద కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చున్నాడు.

దెయ్యం పట్టినవాళ్ళకి చేసేది అదే.

ఊరు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. అవును కదా. ఆడది మోరి ఊదకూడదు. దెయ్యం ఊదొచ్చు, దానికి ఆచారమేదీ అడ్డం లేదు. మందుగుండు గదిలో ఉన్నది కట్ట దిగివచ్చి ఈశ్వరమ్మని పట్టుకుంది. ఆమె నోటితో అదే ఊదింది. వంపు లేకపోవడం అందుకే. చోళ్ళకి భయం లేదు, కాఫీకి భయం లేదు. ఆ దెయ్యం లేదనడానికి ధనుంజయ్‌కి నోరు లేదు. దాని మూలానే సంత నుంచి ఎప్పుడూ చుట్టుదారిన వచ్చేది అతను.

ఇక పేరు ఒక్కటే కావాలి. పట్టినది తనెవరో చెప్పాలి, అప్పుడు పని పూర్తవుతుంది.

"అమ్మా," అని చిన్నమ్మి వంగి తల్లి చెవిలో గొణిగింది, "సచ్చిపోయినోలు బోల్డుమంది ఉన్నారు. ఎవురిదో ఒక పేరు సెప్పీ."

భీముడు గుప్పిట్లో బియ్యం పట్టుకుని చెయ్యి ఎత్తాడు.

"ఎవురివి నువ్వు?"

ఈశ్వరమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఒళ్ళో ఉన్న మోరిని చూసింది, రొప్పు ఇంకా తీరని అల్లుడిని చూసింది. ఎదురుగా ఉన్న భీముడిని చూసింది.

"ఈశ్వరమ్మని," అంది.

మంటలో ఒక కట్టె పేలింది. చిన్నమ్మి కళ్ళు మూసుకుంది. భీముడి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. బియ్యం రెండు గింజలు జారి చేటలో పడ్డాయి, ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

తరవాత భీముడు ఊరి వైపు తిరిగాడు. పండగ రోజులు చెప్పే గొంతుతోనే, తాపీగా చెప్పాడు.

"దెయ్యం పేరు కూడా ఈశ్వరమ్మేనంట."